ఉలవల్లో ఇనుము

మా ఆడపడుచుని వీధిలో అందరూ ‘మిల్లీగ్రాము’ అని పిలుస్తారు. మనిషి చూడబోతే పిడికెడు. ఉద్యోగం చూడబోతే పొద్దస్తమానం తూచడం. ఆహార పరీక్షల ల్యాబులో ఏ గింజలో ఏముందో, ఎంతుందో తేల్చి చెప్పడం తన పని. ఎదురుగా ఉన్న బేకరీ ఆయన పొద్దున్నే “ఏమ్మా మిల్లీగ్రాము, ఇవాళ ఏం తూస్తున్నావు?” అని వెక్కిరిస్తే ఇంకొకరైతే ఉడుక్కుంటారు. ఈ పిల్ల ఆగి, ఆ రోజు తూచబోయేదేమిటో, ఎందుకో, ఎలాగో పూసగుచ్చినట్టు చెప్పి మరీ వెళ్ళేది. అది విని తెమిలేసరికి పాపం ఆయన రొట్టెలు మాడిపోయేవి.

మాది పిండి మిల్లు. మాది అంటే మా అత్తగారిది. మా ఆయన మోటారు చూస్తాడు, నేను తూకం చూస్తాను, మిల్లు మాత్రం ఆవిడది. పిండిని వేళ్ళ మధ్య రాసి చూసి “ఇంకొంచెం బిగించు” అన్నారంటే బిగించాల్సిందే, తిరుగులేదు. ఊరంతా ఆవిడని మిల్లమ్మ అంటారు. పేరు పెట్టి పిలిచిన మనిషిని నేనింతవరకూ చూడలేదు.

ఆ ఏడు మిల్లు ఈసురోమంటూ నడుస్తోంది. దుకాణాల్లో పొట్లాల పిండి దొరుకుతుంటే మూట నెత్తిన పెట్టుకుని ఎండలో మా దాకా ఎవరొస్తారు? మధ్యాహ్నాలు మోటారు ఆపుకుని ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం. మా ఆయన మరీ ముభావంగా తయారయ్యాడు. “ఈ వేసవి గడవనీ, చూద్దాం” అనేవాడు. ఏం చూడాలో చెప్పేవాడు కాదు. మిల్లు అమ్మేద్దామన్న ఆలోచన ఆయన మనసులో ఉందని నాకు తెలుసు, అత్తగారికీ తెలుసు. ఆ మాట మాత్రం ఎవరం పైకి అనలేదు.

సరిగ్గా అప్పుడే ఉలవలొచ్చాయి.

ఊరి బయటంతా మెట్ట నేల. నీళ్ళుండవు, రాళ్ళుంటాయి. విత్తనం చల్లి నీ ఖర్మ అని వదిలేసినా పండేవి అక్కడ ఉలవలే. పండుతాయి కానీ, పండించినవాళ్ళే వాటిని తినరు. ఎడ్లకీ గుర్రాలకీ దాణా. దాణా వర్తకుడు ఎంతంటే అంతకి పోసి రావడమే. ఎవరింట్లోనైనా ఉలవలు ఉడుకుతున్నాయంటే ఆ ఇంటికి గడ్డు రోజులొచ్చాయని చెవులు కొరుక్కునేవాళ్ళు.

మెట్ట రైతులకి ఒక సంఘం ఉంది. దాని పెద్దని అందరం పెద్దాయన అనే అంటాం. ఆయన బడి భోజనాల కమిటీ చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి చివరికి ఒక మాట పుట్టించాడు. పిల్లలకి పనికొచ్చే తిండేనని ల్యాబు తేల్చి చెబితే అన్ని బడులకీ ఏడాది పొడుగునా ఉలవలే తీసుకుంటాం, పిండి చేసి ఇవ్వండి అన్నారట. చుట్టుపక్కల అంత పిండి ఆడించగల మిల్లు మాదొక్కటే. ఆ కబురు తెచ్చిన రోజున మా ఆయన పెద్దాయనని కూర్చోబెట్టి తన చేత్తో మంచినీళ్ళిచ్చాడు. నాకు ఎప్పుడైనా ఇచ్చాడా అంటే నేను చెప్పను.

పరీక్ష మిల్లీగ్రాము చేతికే వచ్చింది. తీరా చూస్తే ల్యాబులో ఉన్న చిన్న గ్రైండరు మోటారు కాలి కూర్చుంది.

“బాగు చేయించాలంటే పైనుంచి అనుమతి రావాలట వదినా. అందాకా నేను గింజలు నోట్లో వేసుకుని నమలాలా?” అంటూ చిన్న సంచీ ఒకటి తెచ్చి నా ఒళ్ళో పడేసింది. “మాంసకృత్తులు చూడాలంతే. మెత్తగా ఆడించి పెట్టు, సాయంత్రం పట్టుకెళతాను.”

అది అటు వెళ్ళిందో లేదో అత్తగారు లేచి నిలబడ్డారు.

“నా కూతురు మొట్టమొదటిసారి నా మిల్లుకి పని తెచ్చింది. అరిగిపోయిన చక్రాల మీద ఆడించి ఇస్తామా?”

మర లోపల గాళ్ళు కోసిన రెండు గరుకు ఇనప చక్రాలుంటాయి. ఒకదానికొకటి ఆనీ ఆనకుండా తిరుగుతాయి, వాటి మధ్య పడ్డ గింజ పిండవుతుంది. కొత్త జత ఒకటి కాగితంలో చుట్టి అటక మీద దాచుకున్నారావిడ. ఎప్పటికోసమో నాకు తెలీదు. ఆ రోజు దింపించారు. మా ఆయన గొణుక్కుంటూనే బిగించాడు. ఒకసారి ఆడించి చూపిస్తే ఆవిడకి తృప్తి కలగలేదు. “మళ్ళీ పొయ్యండి” అన్నారు. చక్రాలు ఇంకా దగ్గరకి బిగించి రెండోసారి ఆడించాం. మర కీచుమని గోల పెట్టింది కానీ పిండి మాత్రం మొహానికి రాసుకునే పౌడరులా వచ్చింది. ఆవిడ దాన్ని అరచేతిలో వేసుకుని వెలుతురులోకి పట్టుకెళ్ళి చూసుకున్నారు. అంత సంతోషంగా ఆవిడని నేను చాలా రోజులకి చూశాను.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం మిల్లీగ్రాము ఎగురుకుంటూ ఇంటికొచ్చింది. కాళ్ళయినా కడుక్కోకుండా కంచం ముందు కూర్చుంది.

“వంద గ్రాముల్లో ఇరవై రెండు గ్రాముల మాంసకృత్తులమ్మా!”

“అంటే మంచిదేనా?” అన్నాడు మా ఆయన.

“ఖరీదైన పప్పులకి వీసమెత్తు తీసిపోదన్నయ్యా. పీచు ఉంది. ఎముకలకి కావలసిన సున్నం మిగతా పప్పుల కంటే బాగా ఎక్కువుంది. కొవ్వంటావా, ఉందా లేదా అన్నట్టుంది. మా వదిన ఓర్పులాగ.”

నేను గరిటె ఎత్తాను. అది మా అత్తగారి వెనక్కి నక్కి అక్కణ్ణించే చెప్పుకుపోయింది. ఒంట్లో కండ పట్టడానికి లైసిన్ అనేదొకటి కావాలట. మనం తినే ధాన్యంలో అది తక్కువ, ఉలవల్లో దండిగా ఉంది. ఉలవల్లో తక్కువైన రకాలు ఇంకేవో ఉన్నాయి, అవి ధాన్యంలో ఉన్నాయి. రెండూ కలిపి పెడితే ఒకదాని లోటు ఇంకోటి పూడుస్తుందట.

“మీ అన్నయ్యా నేనూ లాగ,” అన్నాను.

“ఇందులో లోటెవరిదో అది కూడా కొలిచి చెప్పమను,” అన్నాడాయన.

“ముందు తినండర్రా,” అన్నారు అత్తగారు. అని కూతురి వైపు తిరిగి, పెళ్ళికొడుకుని వాకబు చేసినట్టు అడిగారు. “అన్నీ సుగుణాలేనా? అవగుణాలేం లేవూ?”

“లేకేమమ్మా. ఫైటేటు అని ఒకటుంది. గింజలో ఉన్న ఇనుముని అది గట్టిగా పట్టుకుని ఒంటికి అందనివ్వదు. మాంసకృత్తుల్ని సరిగ్గా అరగనివ్వనిది ఇంకోటుంది. రాత్రంతా నానబెట్టి, మొలక రానిచ్చి, బాగా ఉడికిస్తే రెండూ చాలామటుకు దారికొస్తాయి.”

“నానబెట్టడమూ ఉడకబెట్టడమూ తెలిసిన ఆడవాళ్ళకి అదో లెక్కా!” అన్నారావిడ. ఆ రోజునుంచి మా ఇంట్లో ఉలవలు ఉడికాయి. వీధిలోకి వాసన వెళితే వెళ్ళనీ, నాకేం సిగ్గు? కిటికీ తలుపులు కూడా తీసి పెట్టేదాన్ని.

ఇంతలో కమిటీ అధ్యక్షురాలు ఇంకోటి అడిగింది. ఆవిడ పిల్లల డాక్టరు. బడి పిల్లల్లో సగం మంది పాలిపోయి ఉన్నారు, రక్తం తక్కువ, ఈ గింజలో ఇనుమెంతుందో అది కూడా తేల్చమంది. మిల్లీగ్రాము ఆ మొదటి పిండిలో మిగిలింది తీసి ఇనుము కొలిచింది. వంద గ్రాములకి పంతొమ్మిది మిల్లీగ్రాములు వచ్చింది. అదే పిండి మళ్ళీ కొలిచింది. మళ్ళీ పంతొమ్మిదే. మామూలుగా పప్పుల్లో అందులో సగం ఉంటే గొప్పట. ల్యాబు అధికారి సంతకం పెట్టి కమిటీకి పంపించేశాడు.

ఇంక చూడండి. పెద్దాయన కాళ్ళు నేల మీద ఆనలేదు. సంఘం గోడ మీద ఇంతింత అక్షరాలతో ‘ఇనుము నిండిన ఉలవలు’ అని రాయించాడు. దాణా వర్తకుడు బండి కట్టుకుని వస్తే రైతులు “మా ఉలవలు బడి పిల్లలకండీ, ఎడ్లకి కాదు” అని వెనక్కి పంపించేశారు. ఆ మాట అనడానికి వాళ్ళెన్ని తరాలు ఎదురుచూశారో! గింజంతా ఇళ్ళల్లోనే పోసుకుని, పడుకునే మంచాలు బయటేసుకుని కమిటీ మాట కోసం కూర్చున్నారు.

మా ఆయన వెనక దొడ్డి టేపుతో కొలిచాడు. ఇంకో మర ఎక్కడ పెట్టాలి, ద్వారం ఎటు పెట్టాలి అని. మిల్లు అమ్మే ఊసు గాలికెగిరిపోయింది. నేను మాత్రం తక్కువ తిన్నానా? పనికి ఇద్దరు మనుషుల్ని పెట్టుకుని, కుర్చీలో కూర్చుని వాళ్ళ మీద కేకలేస్తున్నట్టు రోజుకోసారైనా ఊహించుకునేదాన్ని. అత్తగారు ఏమీ అనలేదు కానీ మర మీద రోజూ తడిగుడ్డ పెట్టి తుడిచారు.

సమావేశానికి ఇంకా కొద్ది రోజులే ఉందనగా ఒక మధ్యాహ్నం మిల్లీగ్రాము వేళ కాని వేళ ఇంటికొచ్చింది. నేను ఒక ముసలాయన మూట తూస్తున్నాను. నన్ను పలకరించలేదు. తిన్నగా మర దగ్గరికి వెళ్ళి తొట్టి మూతి దగ్గరున్న అయస్కాంతాన్ని ఊడదీసింది.

ఆ అయస్కాంతం ప్రతి మిల్లులోనూ ఉంటుంది. గింజల్లో మేకులూ తీగముక్కలూ వస్తుంటాయి కదా, అవి చక్రాల్లో పడకుండా పైనే పట్టేస్తుంది. మిల్లీగ్రాము దాన్ని గుడ్డతో శుభ్రంగా తుడిచి, పల్చటి తెల్ల కాగితం చుట్టింది.

“వదినా, మొదట ఆడించిన ఉలవపిండి ఇంకా ఉందా?”

డబ్బాలో కొంచెం ఉంటే పళ్ళెంలో పోసిచ్చాను. అయస్కాంతాన్ని ఆ పిండిలో అటూ ఇటూ నెమ్మదిగా లాగి, పైకెత్తి, అంటుకున్న పిండి ఊదేసింది. తెల్ల కాగితం మీద నల్లటి నూగు నిలబడి ఉంది.

“ఏమిటే అది?” అన్నారు అత్తగారు.

“మన చక్రాలమ్మా.”

అది నెమ్మదిగా చెప్పింది. కొత్త పొలాలనుంచి వచ్చిన గింజలు కొంచెమే కదా అని ల్యాబులో పింగాణీ కల్వంలో చేత్తో నూరిందట. ఇనుము ఎనిమిదే వచ్చింది. నేల తేడా ఏమో అనుకుంది. అనుమానం తీరక, మొదటి గింజల్లోనే ల్యాబులో దాచి ఉంచినవి తీసి కల్వంలో నూరింది. అదీ ఎనిమిదే.

“మళ్ళీ లాగు,” అన్నారు అత్తగారు.

లాగింది. కాగితం మళ్ళీ నల్లబడింది. ఈసారి ఆవిడే అయస్కాంతం తీసుకుని స్వయంగా లాగి చూసుకున్నారు. వేలితో ఆ నూగుని రాసి చూశారు, పిండిని చూసినట్టే.

“ఇన్నాళ్ళూ వచ్చేవాళ్ళ మూటల్లో మేకులు వెతికాను,” అన్నారు.

మా ఆయన గుమ్మంలోకొచ్చి అంతా విన్నాడు. “ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?” అని అడిగాడు.

“నాకు. ఇప్పుడు మీకు. ల్యాబులో ఇంకా చెప్పలేదు, ముందు ఇంటికే వచ్చాను.”

“విషమేం కాదు కదా?”

“కాదన్నయ్యా. కొత్త చక్రాలు, అందులోనూ బిగించి రెండుసార్లు ఆడించాం, అందుకని అంత రాలింది. రోజూ ఆడించే పిండిలో ఇంత పడదు.”

“అయితే మరి ఎందుకు ఈ గొడవంతా? పంతొమ్మిది అన్నాం, అన్నాం. ఎనిమిదైనా తక్కువేం కాదంటున్నావు. ఉలవలు మంచివనే కదా చెబుతున్నాం, చెడ్డవని కాదుగా! ఎవడి కొంప మునిగింది?”

“పిల్లల కొంప మునుగుతుంది,” అంది మిల్లీగ్రాము. గొంతు పెంచలేదు. “ఈ రజను ఇనుము ఒంటికి పట్టేది బాగా తక్కువ. డాక్టరమ్మ ఆ పంతొమ్మిదిని నమ్ముకుని, ఇంత ఇనుము తిండిలోనే ఉంటే ఇప్పుడు బడుల్లో ఇస్తున్న ఇనుము మాత్రలు ఆపేద్దామంటోంది. నా అంకె చూసి ఆపేస్తారు.”

మా ఆయన చేతిలోని పానా అక్కడే గట్టు మీద పెట్టి దొడ్లోకి వెళ్ళిపోయాడు. నా కుర్చీ పోయింది, పనివాళ్ళు పోయారు, రెండో మర పోయింది. అన్నీ నా కళ్ళముందే పోయాయి.

“కారణం రాయాలమ్మా,” అంది అది తల్లి మొహంలోకి చూస్తూ. “‘మిల్లులో ఆడించినందువల్ల’ అని రాస్తే చాలు. ఏ మిల్లో రాయక్కర్లేదు. కానీ అడిగితే మాత్రం చెప్పాల్సొస్తుంది.”

అత్తగారు అయస్కాంతానికి చుట్టిన కాగితం విప్పి, మడిచి కూతురి చేతిలో పెట్టారు. అయస్కాంతాన్ని తొట్టి మూతి దగ్గర దాని చోట్లో అమర్చారు. తర్వాత నా వైపు తిరిగారు.

“ఆ పెద్దమనిషి ఎంతసేపట్నించి నిలబడ్డాడో చూడు. ఆయన మూట పొయ్యి.”

అని కూతురితో, “నువ్వు బయల్దేరు. ల్యాబు మూసేస్తారు,” అన్నారు.



మర్నాడు పొద్దున్నే ల్యాబు కబురు విని పెద్దాయన ఊడిపడ్డాడు. మనిషి ఒక్క రోజులో చిక్కిపోయాడు. లబోదిబోమన్నాడు. “ఇనుము చూసి కదమ్మా వాళ్ళు మొగ్గారు! ఇప్పుడు అంకె మారిందంటే మొత్తం దొంగ లెక్కలంటారు. వర్తకుణ్ణి తిట్టి పంపించాం, వాడు మళ్ళీ మా గుమ్మం తొక్కుతాడా? నీ కూతురికి నువ్వు చెప్పాలి మిల్లమ్మా.”

“చెప్పాను,” అన్నారు అత్తగారు.

“ఏమని?”

“ల్యాబు మూసేస్తారు, తొందరగా వెళ్ళమని.”

నాకు నవ్వాగక లోపలికి పరుగెత్తాను. అంత దిగుల్లోనూ నవ్వొచ్చింది, ఏం చెయ్యను!

సమావేశం రోజున అత్తగారు రానన్నారు. మిల్లు మూయడం ఆవిడకి అలవాటు లేదు. మా ఆయన రానని మొండికేశాడు. నేనే వెళ్ళాను. పెద్ద హాలు, ముందు వరసల్లో కమిటీ వాళ్ళు, వెనకంతా రైతులు, ఆడా మగా. ఫ్యాన్లు తిరుగుతున్నాయే కానీ గాలి రావడం లేదు. మా మిల్లీగ్రాము మైకు ముందు నిలబడితే మైకు దాని నుదుటికి తగిలింది. ఎవడో కిసుక్కున నవ్వాడు. వెనక్కి తిరిగి చూసి, నా చూపుతోనే వాడి నోరు మూయించాను.

అది మైకు కిందకి దించుకుని మొదలుపెట్టింది.

“లోగడ నేనిచ్చిన ఇనుము అంకె తప్పు. పంతొమ్మిది కాదు, ఎనిమిది. గింజని ఇనప చక్రాల మిల్లులో ఆడించినందువల్ల చక్రాల రజను పిండిలో కలిసింది. కల్వంలో నూరి మళ్ళీ కొలిచాను. దయచేసి పిల్లలకిచ్చే మాత్రలు ఆపకండి.”

హాలంతా ఒక్కసారిగా తేనెటీగల పట్టు కదిలినట్టయింది. వెనకనుంచి ఒక రైతు “ఇంతకీ మా ఉలవలు మంచివా, కావా?” అని అరిచాడు. డాక్టరమ్మ చెయ్యెత్తి అందర్నీ కూర్చోమంది. ఆవిడ మొహంలో చిరాకు కనిపిస్తూనే ఉంది.

“ఒక అంకె సగానికి పైగా పడిపోయింది. మిగతా అంకెలు నేనెలా నమ్మాలమ్మా?”

“కల్వంలో నూరిన పిండితో అన్నీ మళ్ళీ చేశానండి. మాంసకృత్తులు అంతే ఉన్నాయి, లైసిన్ అంతే ఉంది. సున్నం కూడా మారలేదు. ఇనుమొక్కటే మారింది. ఇనప చక్రాల్లోంచి ఇనుమే రాలుతుంది కానీ మాంసకృత్తులు రాలవు కదండీ.”

ఈసారి హాలు నవ్వింది. డాక్టరమ్మ నవ్వలేదు.

“ఈ పొరపాటు ఎవరు పట్టుకున్నారు?”

“నేనేనండి.”

“నువ్వు చెప్పకపోతే?”

“ఎవరికీ తెలిసేది కాదు.”

డాక్టరమ్మ “ఏ మిల్లది?” అని అడిగింది.

వెనకనున్న రైతులకి తెలుసు, పెద్దాయనకి తెలుసు, తల వంచుకున్నారు. అక్కడ నిలబడ్డ మా పిల్ల ఒకసారి నా వైపు చూసింది.

“మాదేనండి. మా అమ్మది. నా పని కదా అని కొత్త చక్రాలు వేయించింది.”

ఆ ‘మా అమ్మది’ అన్న మాట అది తలెత్తి అంది. నేను దానికి అన్నం పెట్టాను, జడలు వేశాను, చెవి మెలిపెట్టాను, గరిటెతో బెదిరించాను. ఇంత మనిషని ఆ రోజు దాకా నాకు తెలీదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు కూడా. చూసేవాళ్ళని చూడనీ, అది మా ఇంటి పిల్ల.

కమిటీ వాళ్ళు తలలు దగ్గరగా పెట్టుకుని గుసగుసలాడుకున్నారు. చివరికి డాక్టరమ్మే లేచింది. ఎనిమిది మంచి అంకేనంది. ఉలవలు తీసుకుంటామంది. అయితే పిండిగా వద్దు, గింజలుగానే కావాలి, బడి వంటశాలల్లో నానబెట్టి, మొలకెత్తించి, ఉడికించి ధాన్యంతో కలిపి పెడతాం, అప్పుడే గింజలో ఉన్నది ఒంటికి అందుతుంది, ల్యాబు అమ్మాయి రిపోర్టులోనే ఆ సంగతుంది అంది. మాత్రలు మాత్రం కొనసాగుతాయంది.

వెనక వరసలు పూనకం వచ్చినట్టు లేచాయి. పెద్దాయన ఒక్క ఉరుకున వెళ్ళి మిల్లీగ్రాము రెండు చేతులూ పట్టుకున్నాడు. అవి వదిలి చప్పట్లు కొడుతూ కొడుతూ నా వైపు తిరిగి, ఏదో గుర్తొచ్చినట్టు చేతులు కిందకి దించేశాడు. గింజలుగానే తీసుకుంటే ఇంక మిల్లుతో పనేముంది? “మీరు కొట్టండి పెద్దాయనా,” అన్నాను. “నేనూ కొడుతున్నాను.” నిజంగానే కొట్టాను.

తర్వాత జరిగింది పెద్దగా చెప్పడానికేమీ లేదు. బేకరీ ఆయన “ఏం అనుకోవద్దమ్మా” అంటూనే తన గోధుమల బస్తాలు వేరే ఊరి మిల్లుకి పంపడం మొదలుపెట్టాడు. మా ఆయన కొన్నాళ్ళు మొహం మాడ్చుకుని తిరిగి, చివరికి సంఘం గిడ్డంగిలో పనికి కుదిరాడు. ఉలవల్లో రాళ్ళు ఎక్కువ కదా, బడులకి పంపేముందు జల్లెడ యంత్రం నడిపి శుభ్రం చేయాలి. మోటారు తెలిసిన మనిషి వాళ్ళకి కావాల్సొచ్చింది. ఇంటిదగ్గర మిల్లు పొద్దుటిపూట మాత్రమే తిరుగుతోంది, అత్తగారూ నేనూ నడుపుతున్నాం. మోటారు బెల్టు మార్చడం నేను నేర్చుకున్నాను. మా ఆయన కంటే త్వరగా మారుస్తాను, కావాలంటే ఆయన్నే అడగండి.

మిల్లీగ్రాము మాత్రం ఆ సమావేశం తర్వాత కొంచెం కుంచించుకుపోయింది. తల్లి ఆ సంగతి ఎత్తలేదు మరి. బాగుందనీ అనలేదు, బాగోలేదనీ అనలేదు. హాల్లో జరిగిందంతా నేను పొల్లుపోకుండా చెబితే “ఊఁ” కొట్టి ఊరుకున్నారు.

“వదినా, అమ్మకి నా మీద కోపమా?” అని వంటింట్లో నన్ను పట్టుకుని అడిగింది.

“నాకేం తెలుసే, ఆవిడ మోటారుతో తప్ప ఎవరితో మాట్లాడతారు?” అన్నాను. కానీ నాకూ లోపల పీకుతూనే ఉంది. మిల్లే ఆవిడ ప్రాణం. దాని పరువు నలుగురిలోనూ తీసింది కడుపున పుట్టిన పిల్ల. కోపం లేదని ఎలా అనుకోను?

వేసవి చివర్లో ఒక పొద్దున్న మిల్లు దగ్గర నలుగురైదుగురు వరసలో ఉన్నారు. మిల్లీగ్రాము ల్యాబుకి బయల్దేరి గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటోంది. పై వీధిలోకి కొత్తగా వచ్చిన ఒకావిడ తన సంచీ త్రాసు మీద పెట్టినట్టే పెట్టి, చెయ్యి వదలకుండా, అందరికీ వినపడేలా అడిగింది.

“మీ మిల్లులో ఆడిస్తే పిండిలో ఇనుము కలుస్తుందటగా! ఊరంతా చెప్పుకుంటున్నారు.”

గుమ్మంలో మా పిల్ల ఒక చెప్పు తొడుక్కుని, రెండోది కాలికి సగం ఎక్కించి అలాగే ఉండిపోయింది. నేను నోటికొచ్చినంత అందామని నడుం మీద చెయ్యి పెట్టాను.

అత్తగారు మోటారు ఆపేశారు. తొట్టిలో గింజ ఉండగా ఆవిడ మోటారు ఆపడం నేను చూడలేదెప్పుడూ. చేతుల పిండి దులుపుకుని ఆ కొత్తావిడకేసి నడిచారు.

“కలుస్తుందమ్మా. ఇనప చక్రాలున్న ఏ మిల్లులోనైనా ఎంతో కొంత కలుస్తుంది. ఎంత కలుస్తుందో వాళ్ళెవరికీ తెలీదు, నాకు తెలుసు,” అన్నారు. అని గుమ్మం వైపు చెయ్యి చాపారు. “అదిగో, ఆ నిలబడ్డదే. నా కూతురు. అది కొలిచింది.”